వెంట్రుక పుట్టినచోటు మరవదు

పెడతల మీది వెంట్రుకను తీసి బట్టతల మీద నాటితే, అది అక్కడ నిలుస్తుందా? లేక ఆ చోట అంతకుముందున్న జుట్టులాగే కొన్నాళ్లకు రాలిపోతుందా? 1950లలో న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ ఈ ప్రశ్ననే పరీక్షించారు. జుట్టున్న చోటి చిన్న చర్మపు ముక్కను బట్టతల మీద, బట్టతల ముక్కను జుట్టున్న చోట అమర్చి చూశారు. మొదటి ముక్క కొత్త చోట కూడా వెంట్రుకలు మొలిపిస్తూనే ఉంది. రెండోది చుట్టూ ఒత్తుగా జుట్టున్నా బోడిగానే ఉండిపోయింది. 1959లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వెంట్రుక ఎంతకాలం ఉంటుందో నిర్ణయించేది అది పుట్టిన కుదురేనని తేలింది. ఈనాటి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తోంది.

మగవారిలో వచ్చే మామూలు బట్టతలకు మూలం డీహెచ్‌టీ. టెస్టోస్టిరాన్ నుంచి శరీరమే తయారుచేసుకునే హార్మోన్ ఇది. వంశపారంపర్యంగా దీనికి లొంగే గుణం ఉన్న కుదుళ్లు ఏటికేడు కుంచించుకుపోతాయి. వెంట్రుక పెరిగే కాలం తగ్గుతుంది, మందం తగ్గుతుంది, చివరికి నూగు మాత్రం మిగులుతుంది. నుదుటి పైన, నడినెత్తిన ఉండే కుదుళ్లకే ఈ లొంగుబాటు ఎక్కువ. పెడతల, చెవుల పైభాగంలోని కుదుళ్లు చాలామందిలో తట్టుకుంటాయి. అందుకే ఎంత బట్టతల వచ్చినా వెనక ఒక అంచు మిగులుతుంది. సర్జన్ ఆ అంచు నుంచి కుదుళ్లు తీసి ముందుకు తెస్తారు. ఈ ఆపరేషన్ ఒక్క వెంట్రుకను కూడా కొత్తగా పుట్టించదు, ఉన్నవాటి చోటు మారుస్తుంది, అంతే. చేయించుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ ముందుగా తెలుసుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం.

తొలినాళ్లలో సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పున్న ముక్కల్ని నాటేవారు. ఒక్కో ముక్కలో బోలెడు వెంట్రుకలు, మధ్యలో ఖాళీలు. చూడగానే బొమ్మ తలకు గుచ్చిన జుట్టులా ఉండేది. పాపం, ఎంతోమంది ఆ తలతోనే జీవితమంతా గడిపారు. నిజానికి తలమీద వెంట్రుకలు ఒకటి నుంచి నాలుగు వరకు చిన్న గుంపులుగా మొలుస్తాయి. ఆ సహజమైన గుంపునే గ్రాఫ్ట్‌గా నాటడం 1990లలో ఊపందుకున్నాక ఆపరేషన్ రూపమే మారిపోయింది. గ్రాఫ్ట్‌లు సేకరించడానికి రెండు దారులున్నాయి. ఎఫ్‌యూటీలో పెడతల నుంచి సన్నటి చర్మపు పట్టీ కోసి, మైక్రోస్కోప్ కింద విడదీస్తారు. అక్కడ గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈలో సుమారు ఒక మిల్లీమీటరు గొట్టంలాంటి పరికరంతో ఒక్కో గుంపునే తీస్తారు. చుక్కల్లాంటి మచ్చలు మిగులుతాయి. మచ్చే ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

తలకు మాత్రమే మత్తు ఇస్తారు కాబట్టి మనిషి మెలకువగానే ఉంటాడు. రెండు మూడు వేల గ్రాఫ్ట్‌లంటే దాదాపు రోజంతా పని. బయటికి తీసిన కుదురు ఆరిపోతే చచ్చిపోతుంది, అందుకే చల్లటి ద్రవంలో ఉంచుతారు. అసలు పనితనం కనిపించేది నాటడానికి పెట్టే రంధ్రాల్లో. ముందు వరుసలో ఒంటి వెంట్రుకలే ఉండాలి, అవి ముందుకు వాలాలి, కణతల దగ్గర దాదాపు చర్మాన్ని అంటుకున్నట్టు పడుకోవాలి, సుడి దగ్గర చుట్టూ తిరగాలి. గీత గీసినట్టు తిన్నగా ఉన్న హెయిర్‌లైన్ ఎవరికీ సహజంగా ఉండదు. మొదటి రోజుల్లో కుదురుకు సొంత రక్తనాళాలు ఉండవు, చుట్టూ ఊరే ద్రవమే దానికి ఆహారం. అందుకే ఆ వారం పది రోజులు గీరకూడదు, రుద్దకూడదు.

తర్వాత రెండు నుంచి ఆరు వారాల్లో నాటిన వెంట్రుకలు చాలావరకు రాలిపోతాయి. ఇక్కడే అందరికీ టెన్షన్. రాలేది వెంట్రుకే, కుదురు లోపలే ఉండి విశ్రాంతి తీసుకుంటోంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకలు కనిపిస్తాయి. పూర్తి ఫలితానికి ఏడాది, నడినెత్తిన ఇంకా కొంత ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. బాగా ముదిరిన బట్టతలలో 200 చదరపు సెంటీమీటర్ల మేర ఖాళీ అయిందనుకోండి. చదరపు సెంటీమీటరుకు 40 గ్రాఫ్ట్‌ల చొప్పున 8,000 కావాలి. వెనక పలచబడకుండా జీవితకాలంలో తీయగలిగేది చాలామందిలో సుమారు 6,000. మనిషిని బట్టి ఇది మారుతుంది గానీ, నిల్వ మాత్రం పరిమితమే. వేరేవాళ్ల కుదుళ్లు పెడితే శరీరం తిప్పికొడుతుంది. కాబట్టి ప్రతి గ్రాఫ్ట్‌నూ ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆలోచించాలి. వెంట్రుక లావుగా, ఉంగరాలు తిరిగి ఉన్నా, దాని రంగు చర్మం రంగుకు దగ్గరగా ఉన్నా తక్కువ గ్రాఫ్ట్‌లతోనే నిండుగా కనిపిస్తుంది.

ఇరవై, ఇరవైరెండేళ్ల కుర్రాళ్ల విషయంలో నాకు నిజంగా దిగులేస్తుంది. చిన్నప్పటి హెయిర్‌లైన్ కావాలని పట్టుబట్టి ముందు భాగం నింపించుకుంటారు. నాటినవి నిలుస్తాయి, వాటి వెనకున్న సొంత జుట్టు రాలుతూ పోతుంది. నలభై ఏళ్లకు ముందు ఒక ద్వీపం, వెనక ఎడారి, పూడ్చడానికి నిల్వ లేదు. రాలడం ఒక తీరుకు వచ్చి, పెడతల మీద జుట్టు ఒత్తుగా ఉన్నవారికి ఈ ఆపరేషన్ బాగా నప్పుతుంది. ఉన్న జుట్టు కాపాడుకోవడానికి మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ వంటి మందులు డాక్టర్ సలహాతో కొనసాగించాల్సి రావచ్చు. కాలిన మచ్చల మీద, ప్రమాదాల్లో జుట్టు పోయిన చోట కూడా నాటవచ్చు.

పేనుకొరుకుడు ఉన్నవారికి ఇది సాధారణంగా పనికిరాదు. రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడిచేసే జబ్బు అది, నాటినవాటినీ వదలకపోవచ్చు. జ్వరం, కాన్పు, తీవ్రమైన మానసిక ఒత్తిడి తర్వాత కొన్ని నెలలకు గుత్తులుగా రాలే జుట్టు చాలావరకు దానంతటదే తిరిగి వస్తుంది, కత్తి అవసరం లేదు. ఆడవారిలో చాలామందికి తలంతా పలచబడుతుంది, పెడతలతో సహా. అలాంటప్పుడు అక్కడి కుదుళ్లను తెచ్చి ముందు నాటినా అవీ పలచబడేవే. థైరాయిడ్, ఐరన్ లోపం లాంటివి ఉన్నాయేమో పరీక్షలు చేయించుకోవడం వీళ్లకు మొదటి పని.