టాన్సిల్ ఆపరేషన్‌లో ముడా, వేడా? గొడవకు మూలం 2001లో

టాన్సిల్స్ తీశాక కారే రక్తాన్ని దారం ముడితో ఆపాలా, కరెంటు వేడితో కాల్చి (డయాథర్మీ) ఆపాలా అన్న వాదన సర్జన్ల మధ్య మళ్లీ రాజుకుంది. ఇప్పటి గొడవ ఇంగ్లండ్‌లో మొదలైంది.

మెదడును దెబ్బతీసి ప్రాణం తీసే వేరియంట్ సీజేడీ వ్యాధి భయం పట్టుకున్న రోజులవి. ఆ వ్యాధికి కారణమయ్యే ప్రియాన్లు అనే వికృత ప్రొటీన్లు టాన్సిల్స్‌లో ఉండొచ్చు, మామూలు స్టెరిలైజేషన్‌కు లొంగవు. అందుకే ఈ ఆపరేషన్లకు ఒకసారి వాడి పారేసే పరికరాలే వాడాలని 2001 జనవరిలో ఆరోగ్య శాఖ ఆదేశించింది. రక్తస్రావం ఫిర్యాదులు పెరిగాయి. వాటిలో డిస్పోజబుల్ డయాథర్మీ పరికరాలవే ఎక్కువ. డిసెంబరుకల్లా పాత పరికరాలకు మళ్లీ అనుమతి ఇచ్చారు.

నాసిరకం పరికరాలదే తప్పని అక్కడితో వదిలేయొచ్చు. కానీ 2003 జులై నుంచి 2004 సెప్టెంబరు దాకా ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో టాన్సిల్స్ తీయించుకున్న దాదాపు 34 వేల మంది రోగుల ఫలితాలపై పరిశీలన (ఆడిట్) జరిగింది. మొత్తమ్మీద 3.5 శాతం మందికి ఆపరేషన్ తర్వాత రక్తస్రావమైంది. కోయడానికీ, రక్తం ఆపడానికీ డయాథర్మీనే వాడినచోట, వేడి అసలే తగలనివ్వని పద్ధతితో పోలిస్తే ముప్పు సుమారు మూడు రెట్లు! నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

కారణం గాయంలోనే ఉంది. వేడి రక్తనాళాన్ని మూసేస్తుంది, చుట్టూ ఉన్న కండనూ కాలుస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో గొంతు పొడిగా కనిపించి అందరి టెన్షనూ తీరుతుంది. కాలిన పొర సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య ఊడుతుంది, మళ్లీ రక్తం కారే ముప్పు అప్పుడే. అప్పటికి పిల్లలు ఇంట్లో ఉంటారు. ముందు కొన్ని నిమిషాలు గాజుగుడ్డతో గట్టిగా అదిమిపట్టి, అప్పటికీ ఆగని నాళానికి మాత్రమే ముడి వేస్తే ఆ కాలిన గాయం ఉండదు. ముడికి ఓపిక, చేతి నేర్పు కావాలి. ఇరుకైన గొంతులో, పైగా పసివాళ్లలో, అది తేలిక కాదు.

డయాథర్మీ వాడేవారి మాట: టైమ్ కలిసొస్తుంది, ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోతుంది. తక్కువ వేడితో పనిచేసే కోబ్లేషన్ వైపువారు, అనుభవం పెరిగేకొద్దీ రక్తస్రావం తగ్గుతుందంటారు.

2005 డిసెంబరులో, వైద్య మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్ సంస్థ నైస్ వేడి పద్ధతులను నిషేధించలేదు. డయాథర్మీని అతిగా వాడొద్దని, కోబ్లేషన్ చేసేవారు ప్రత్యేక శిక్షణ పొందాలని చెప్పింది. ఎంత వాడితే అతి అవుతుందన్నది సర్జన్ నిర్ణయానికే మిగిలింది.