మొదటి సర్వ్‌లెట్‌కే 404 వస్తోందా? అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేట జిరాక్స్ షాపులో కొన్న జావా నోట్సు పాత టామ్‌క్యాట్ (సర్వ్‌లెట్లను నడిపే సర్వర్) నాటిది. ల్యాప్‌టాప్‌లో దించుకున్నది కొత్త టామ్‌క్యాట్. మొదటి సర్వ్‌లెట్ (బ్రౌజర్ అడిగినదానికి సర్వర్లో జవాబిచ్చే జావా క్లాసు) దగ్గర చిక్కుకునేది ఎక్కువగా ఇక్కడే. కోడ్ పట్టుమని పది లైన్లు, అందులో తప్పు దొరకడం అరుదు. క్లాసు ఏ ఫోల్డర్లో ఉంది, ఏ వెర్షన్‌కు కంపైల్ అయింది, అడ్రస్ ఎలా రాశారు అన్నవే వెతకాలి.

అపోహ: నోట్సులో ఉన్నది పొల్లుపోకుండా కొట్టాను, అయినా 404 (పేజీ దొరకలేదు) అంటే టామ్‌క్యాట్ పాడైంది.

వాస్తవం: టామ్‌క్యాట్ 9 వరకు ఇంపోర్ట్ లైను "జావాఎక్స్.సర్వ్‌లెట్" అని మొదలవుతుంది. 10 నుంచి అది "జకార్తా.సర్వ్‌లెట్". సర్వ్‌లెట్లు భాగమైన జావా ఈఈ ప్రమాణాల బాధ్యత ఒరాకిల్ నుంచి ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు వెళ్లినా, జావాఎక్స్ పేరుతో కొత్త మార్పులు చేసే హక్కు వెంట రాలేదు. అందుకే ప్యాకేజీ పేరే మారింది.

టామ్‌క్యాట్ 10 జార్‌తో (జార్ అంటే క్లాసులన్నీ కట్టగట్టిన ఫైలు) పాత ఇంపోర్ట్‌ను కంపైల్ చేస్తే ప్యాకేజీ లేదని వెంటనే చెబుతుంది. అది అదృష్టమే. పాత జార్‌తో కంపైలైన క్లాసును 10లో పెట్టినప్పుడే అసలు ఇబ్బంది. వెబ్‌సర్వ్‌లెట్ యానోటేషన్ (క్లాసు పైనే అడ్రస్ చెప్పే గుర్తు) రాసి ఉంటే టామ్‌క్యాట్ దాన్ని గుర్తించనే గుర్తించదు. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, బ్రౌజర్లో 404 మాత్రం వస్తుంది. అదే సర్వ్‌లెట్‌ను వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో (యాప్ సెట్టింగుల ఫైలు) రాసి ఉంటే 500 (సర్వర్ లోపలి ఎర్రర్) వస్తుంది, క్లాసు దొరకలేదన్న కారణం కింద కనిపిస్తుంది.

నోట్సు ప్రకారమే నేర్చుకోవాలనుకుంటే టామ్‌క్యాట్ 9 వేసుకోండి, జావా 8 చాలు. 10.1కు కనీసం జావా 11, టామ్‌క్యాట్ 11కు జావా 17 కావాలి. జావా 21తో కంపైల్ చేసి, టామ్‌క్యాట్‌ను 17 మీద నడిపితే క్లాస్ వెర్షన్ 65 అని ఎర్రర్ వస్తుంది. 65 అంటే జావా 21, 61 అంటే 17. జావాసీకి (జావా కంపైలర్) రిలీజ్ 17 అని ఆప్షన్ ఇచ్చి మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది.

అపోహ: సర్వ్‌లెట్-ఏపీఐ జార్‌ను యాప్‌లోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్ లోపలి లిబ్‌లో పెట్టాలి.

వాస్తవం: పెట్టకూడదు. కంపైల్ చేసేటప్పుడు క్లాస్‌పాత్‌లో టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్లోని జార్‌ను చూపిస్తే చాలు. నడిచేటప్పుడు టామ్‌క్యాట్ తన జార్‌నే వాడుకుంటుంది. మావెన్ (జార్లు తెచ్చి కంపైల్ చేసిపెట్టే టూల్) అయితే ఆ జార్ స్కోప్ "ప్రొవైడెడ్" అని రాయాలి.

అపోహ: ఒక్క స్లాష్ పోతే ఏమవుతుంది?

వాస్తవం: యాప్ మొత్తం పోతుంది. మ్యాపింగ్‌లో (ఏ అడ్రస్‌కు ఏ సర్వ్‌లెట్ అని రాసే చోటు) "/హలో" బదులు "హలో" అని రాస్తే ఆ యాప్ లేవదు, అందులోని హెచ్‌టీఎంఎల్ పేజీలకు కూడా 404 వస్తుంది. లాగ్స్ ఫోల్డర్లో క్యాటలీనా, లోకల్‌హోస్ట్ పేర్లతో ఆ రోజు తేదీ ఉన్న రెండు ఫైళ్లూ తెరిచి చూడాలి, కారణం అక్కడ ఉంటుంది. 405 వస్తే మాత్రం సంతోషించండి: అడ్రస్ సరైనదే, గెట్ లేదా పోస్ట్ రిక్వెస్ట్‌కు జవాబిచ్చే డూగెట్ లేదా డూపోస్ట్ మెథడ్ రాయలేదు, అంతే.

అపోహ: 8080 పోర్టు ఖాళీ లేదంటే టామ్‌క్యాట్‌ను తీసేసి మళ్లీ వేయాలి.

వాస్తవం: ఒరాకిల్ 10జీ లేదా 11జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ డేటాబేస్ ఉంటే దాన్ని అనుమానించండి. దాని వెబ్ పేజీ కూడా 8080 మీదే వస్తుంది. కాన్ఫ్ ఫోల్డర్లో సర్వర్.ఎక్స్‌ఎంఎల్ తెరిచి, కనెక్టర్ దగ్గర 8080ని 8081 చేసి, టామ్‌క్యాట్‌ను ఆపి మళ్లీ లేపండి.

అపోహ: తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తున్నాయంటే ఫాంట్ లేదు.

వాస్తవం: ఫాంట్‌కు దీనితో సంబంధం లేదు. ఫాంట్ లేకపోతే వచ్చేవి డబ్బాలు. ప్రశ్నార్థకం వచ్చిందంటే అక్షరం సర్వర్ దగ్గరే పోయింది: ఏమీ చెప్పకపోతే సర్వ్‌లెట్ వాడే ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ఐఎస్‌ఓ-8859-1, అందులో తెలుగు లేదు. సెట్‌కంటెంట్‌టైప్‌లో యూటీఎఫ్-8 రాయాలి, అదీ గెట్‌రైటర్ కంటే ముందు. తర్వాత రాస్తే ఆ ఎన్‌కోడింగ్ పట్టదు. ఫామ్ నుంచి వచ్చే తెలుగుకు సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్‌ను మొదటి గెట్‌పారామీటర్‌కు ముందే పిలవాలి. టామ్‌క్యాట్ 10 నుంచి కాన్ఫ్‌లోని వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో యూటీఎఫ్-8 ముందే రాసి ఉంటుంది, 9లో మీరే రాసుకోవాలి.

ఒక్కో తెలుగు గుర్తు స్థానంలో మూడేసి పరాయి గుర్తులు కనిపిస్తే అది వేరే జబ్బు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, వాటిని ఎవరో విడివిడిగా చదివారు. తెలుగును నేరుగా జావా ఫైల్లోనే రాశారా? విండోస్‌లో జేడీకే 18 కంటే పాతది వాడితే జావాసీకి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి కంపైల్ చేయండి.

అపోహ: వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక సర్వ్‌లెట్ ఆబ్జెక్ట్ పుడుతుంది.

వాస్తవం: ఆబ్జెక్ట్ ఒక్కటే, దాని మీద ఒకేసారి నడిచే థ్రెడ్లు (ఒక్కో రిక్వెస్ట్ పని చేసే దారాలు) చాలా. టామ్‌క్యాట్‌లో డిఫాల్ట్‌గా గరిష్ఠం 200. యూజర్ పేరును క్లాసు ఫీల్డ్‌లో దాచితే, కూకట్‌పల్లిలో లాగినైన అబ్బాయి పేరు అదే క్షణంలో దిల్‌సుఖ్‌నగర్‌లో పేజీ తెరిచిన అమ్మాయికి కనిపించవచ్చు. ఒక్కరే కూర్చుని టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు. ఆ పేరు డూగెట్ లోపల లోకల్ వేరియబుల్‌లో ఉండాలి, పేజీ మారినా నిలవాలంటే సెషన్‌లో (ఒక్కో యూజర్‌కు సర్వర్ విడిగా ఉంచే చోటు) పెట్టాలి.