జ్వరం తగ్గాకే అసలు కాపలా

"సిస్టరమ్మా, జ్వరం పోయింది కదా, ఇంకా ఎందుకు ఉంచుతారు?" వానలు మొదలయ్యాయంటే మా అత్యవసర విభాగంలో ఈ మాట వినని రోజు ఉండదు. తిరుపతిలో నర్సుగా పంతొమ్మిదేళ్లు గడిచాయి, అందులో పన్నెండు ఎమర్జెన్సీలోనే. డెంగీ మీద అపోహలు గంపెడు ఉన్నా, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఈ ఒక్కటే. అందుకే దీనితోనే మొదలుపెడతాను.

అపోహ: జ్వరం దిగితే గండం గడిచినట్టే.

వాస్తవం: డెంగీలో గండం మొదలయ్యేదే అప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, ఒళ్లు చల్లబడే వేళకు, సన్నటి రక్తనాళాల గోడలు వదులవుతాయి. రక్తంలోని నీటిభాగం, అంటే ప్లాస్మా, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ ఊరిపోతుంది. ఇది 24 నుంచి 48 గంటల పాటు సాగుతుంది. రక్తం చిక్కబడి పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతుంది. అందరికీ ఇలా కాదు, చాలామంది హాయిగా కోలుకుంటారు. కానీ ఎవరికి అవుతుందో ముందే చెప్పలేం. నాలుగు రోజులు కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్న ఇంటివాళ్లు సరిగ్గా ఆ పూటే హమ్మయ్య అని నడుము వాలుస్తారు.

పుత్తూరు వైపు నుంచి ఒక తల్లి పదో తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. వచ్చింది రిపోర్టు చూపించుకుని వెళ్లిపోదామని. రాత్రి నుంచి జ్వరం లేదని, పొద్దున తిన్న ఇడ్లీ మాత్రం కక్కేసిందని చెప్పింది. పిల్ల బెంచీ మీద గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. చెయ్యి పట్టుకుంటే నీళ్లకుండను తాకినట్టుంది. గోరు నొక్కి వదిలాను. రెండు సెకన్లలో రావలసిన ఎరుపు, నేను నాలుగు లెక్కపెట్టినా రాలేదు. బీపీ 100/84.

"వంద ఉంది కదా సిస్టర్, నార్మలే కదా" అన్నాడు వెంట వచ్చిన మేనమామ. కాదు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 20కి పడిపోతే అది షాక్ కిందే లెక్క, అంటే ఒంట్లో అవయవాలకు రక్తం చాలినంత అందడం లేదన్నమాట. అడగగా అడగగా తెలిసింది, ముందురోజు సాయంత్రం నుంచి ఆ పిల్ల మూత్రానికే వెళ్లలేదు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 62 వేలు. ఇంటిల్లిపాదీ ఆ 62 వేలు చూసుకునే ధైర్యంగా ఉన్నారు.

డాక్టరుగారు వెంటనే సెలైన్ పెట్టించారు. గంటగంటకూ బీపీ, మూత్రం కొలత, మధ్యమధ్య పీసీవీ. ఆ రాత్రి దుప్పటి ఎత్తి ఆమె పాదాలు ఎన్నిసార్లు తాకి చూశానో లెక్కలేదు. తెల్లవారుజామున వెచ్చగా తగిలాయి. మూడో రోజు ఒళ్లంతా దురదగా ఉందని విసుక్కుంటూ పెరుగన్నం అడిగింది. ఆ దురద, ఆ ఎర్రటి దద్దుర్లు కోలుకునేటప్పుడు చాలామందికి వస్తాయి, వాటికి హడలిపోకండి.

కాబట్టి జ్వరం దిగాక కనీసం రెండు రోజులు కనిపెట్టి ఉండండి. తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మగత, ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోవడం, కాళ్లూ చేతులూ చల్లబడటం. వీటిలో ఒక్కటి కనిపించినా అర్ధరాత్రి అని చూడకుండా 108కి ఫోను చేయండి. "ఊరికే భయపడి వచ్చామేమో" అని మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఊరికే వచ్చినవాళ్లను ధైర్యం చెప్పి పంపడం కన్నా మాకు సంతోషం ఏముంది?

ఇక ప్లేట్‌లెట్ల పిచ్చి. లక్షకు దిగగానే దాతల కోసం వాట్సాప్‌లో మెసేజీలు పరుగెత్తుతాయి. రక్తస్రావం లేని మనిషికి సాధారణంగా 10 వేల కిందికి వెళ్లేదాకా ఎక్కించే ఆలోచనే చేయరు. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, 20 వేలు, అంతకన్నా తక్కువ ఉన్న పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు. ఏడెనిమిది రోజులకు ఆ కణాలు వాటంతట అవే పెరుగుతాయి. అప్పటికి ఇంట్లో ఏది తాగిస్తుంటే పేరు దానికి వస్తుంది. బొప్పాయి ఆకు రసం, కివీ, మేకపాలు అన్నీ ఈ లెక్కలోవే. అసలే వాంతులవుతున్న పిల్లకు ముక్కు మూసి ఆ చేదు పోసేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, గంజి ఇవ్వండి తల్లీ.

నొప్పుల సూది వేయించుకుంటే జ్వరం చప్పున దిగుతుందనేది ఇంకొకటి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ చాలు, అదీ మోతాదు మించకుండా. డెంగీ దోమ రాత్రే కుడుతుందనుకునేవారికి ఒక్క మాట: అది పగటి దోమ.

ప్రతి జ్వరం డెంగీ కాదు కూడా. మా వైపు స్క్రబ్ టైఫస్ తక్కువేమీ కాదు. పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టిన చోట తరచూ సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది. అది చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది, నొప్పి ఉండదు, రోగికే తెలియదు. బట్టలు మార్చేటప్పుడు చాలాసార్లు నర్సు కంటే పడుతుంది. డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

చివరగా, చిరునామా అడిగితే కేసు రాస్తున్నామని భయపడేవాళ్ల సంగతి. ఆ వివరాలు ఐహెచ్‌ఐపీ అనే వ్యాధుల నిఘా పోర్టల్‌లోకి వెళ్తాయి. దాన్ని బట్టే సిబ్బంది ఆ వీధిలో లార్వా వెతకడానికి వెళ్తారు. వీధికి చెడ్డపేరు వస్తుందని తప్పు చిరునామా ఇచ్చేవారు కొందరైతే, ఇప్పుడు ఉంటున్నది వేరే చోటైనా ఆధార్ కార్డులో ఉన్నది యథాతథంగా చెప్పేవారు ఎక్కువమంది. దోమ కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం వస్తుంది. దర్శనానికి వచ్చిన రెండో రోజే జ్వరంతో పడుకున్న యాత్రికుడిని కుట్టింది కొండ మీది దోమ కాదు, వాళ్ల ఊరి దోమే.

ఒకసారి పీలేరు అబ్బాయి ఆధార్ చిరునామా ఇచ్చాడు. వాళ్ల ఊళ్లో తొట్లన్నీ వెతికారు, ఏమీ దొరకలేదు. వారం తిరిగేసరికి మరో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, వేరే వేరే ఊళ్లు. మాటల్లో బయటపడింది, ముగ్గురూ తిరుపతిలో ఒకే హాస్టల్. మేడ మీద మూత లేని డ్రమ్ము నిండా లార్వా. ఆ తర్వాత మా రిజిస్టరులో చిరునామా పక్కన ఇంకో గడి గీయించాను. పది రోజులుగా పగలు ఎక్కడ ఉంటున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు అని. కొందరు నవ్వుతారు, కొందరు "అదంతా మీకెందుకు సిస్టర్" అంటారు. అయినా అడుగుతూనే ఉన్నాం.