టార్చి వెలుగు కృష్ణ దాటాలంటే

ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. విజయవాడ వైపు చివర నిలబడి చేతి టార్చిలైటు వేస్తే సీతానగరం వైపు చివర ఉన్న మనిషి మీద ఆ వెలుగు పడుతుందా? ప్రశ్న చిన్నదే. కానీ జవాబు చెప్పాలంటే కాంతి విస్తరించే తీరుతో పాటు టార్చిలోని అద్దం వెడల్పు, నది మీది గాలి, మన కంటి శక్తి కూడా లెక్కలోకి రావాలి. అట్టపెట్టె మీద ‘1000 మీటర్లు’ అని అచ్చువేసిన టార్చిలు ఇప్పుడు మార్కెట్లో తేలిగ్గానే దొరుకుతున్నాయి కాబట్టి, ఆ అంకెకు అసలు అర్థమేమిటో కొనేవారు తెలుసుకోవడం అవసరం.

ఆ అంకె వెనుక 2009లో అమెరికాలో రూపొందిన ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం ఉంది. కిరణపుంజం నడిబొడ్డున వెలుతురు 0.25 లక్స్‌కు, అంటే మబ్బులేని రాత్రి నిండు పున్నమి వెన్నెల నేల మీద పడేంతకు, తగ్గిపోయే దూరాన్నే ఆ ప్రమాణం టార్చి ‘దూరం’గా లెక్కిస్తుంది. టార్చిని ఎవరూ మైదానంలోకి తీసుకెళ్లి కిలోమీటరు దాకా కొలవరు. తాజా బ్యాటరీతో వెలిగించిన కొద్దిసేపటికే దగ్గరలో కొలత తీసుకుని, మిగిలినది గణితంతో తేలుస్తారు. కిలోమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద వెన్నెలంత వెలుతురు పడటం వేరు, ఆ వస్తువేమిటో మన కంటికి తెలియడం వేరు. ఈ తేడాను అట్టపెట్టె చెప్పదు.

గణితం మాత్రం కచ్చితమైనదే. దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందని కెప్లర్ 1604లోనే రాశాడు. ఎకరంలో చల్లవలసిన విత్తనాలను నాలుగెకరాల్లో చల్లితే ఎంత పల్చబడతాయో, దూరం పోయేకొద్దీ కాంతి కూడా అలాగే పల్చబడుతుంది. కాబట్టి ఒక దిక్కున టార్చి విసిరే కాంతి తీవ్రతను క్యాండెలాల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే ఎఫ్ఎల్-1 దూరం మీటర్లలో వచ్చేస్తుంది. పది వేల క్యాండెలాలకు 200 మీటర్లు, రెండున్నర లక్షలకు కిలోమీటరు. మన బ్యారేజీ ఈ చివర నుంచి ఆ చివరకు వెన్నెలంత వెలుతురు చేరాలంటే సుమారు 3,74,000 క్యాండెలాలు కావాలి.

ఇక్కడే చాలామంది ల్యూమెన్ల లెక్క చూసి పొరబడతారు. ల్యూమెన్లు దీపం అన్ని దిక్కులకూ ఇచ్చే మొత్తం కాంతిని చెబుతాయి తప్ప, అది ఎంత ఇరుకుగా పోగుపడిందో చెప్పవు. 900 ల్యూమెన్ల బల్బు తన కాంతిని అన్ని దిక్కులకూ సమానంగా చిమ్మితే, ఇదే లెక్క ప్రకారం దాని దూరం 17 మీటర్లకు మించదు. అదే కాంతిని ఒక ఇరుకు పుంజంగా మలిస్తే నది దాటించవచ్చు. దూరం చూసి కొనేవారు అడగవలసినది క్యాండెలాలు ఎన్ని అని.

కాంతిని ఇరుకుగా పోగుచేసే పని టార్చిలోని గిన్నె ఆకారపు అద్దానిది. పరావలయాకారంలో ఉన్న అద్దపు నాభి వద్ద బిందువంత దీపం ఉంటే కిరణాలన్నీ సమాంతరంగా వెళ్తాయని బడిలో చదువుకున్నాం. కానీ బిందువంత దీపం ఎక్కడా లేదు. ఎల్ఈడీ చిప్‌కు కొంత వెడల్పు ఉంటుంది, ఆ వెడల్పు మేరకు పుంజం విచ్చుకుంటుంది. ఇందులో నాకు అన్నిటికన్నా అందంగా తోచే సత్యం ఒకటుంది. ఎంత మేలైన అద్దమైనా, కటకమైనా దీపపు ఉపరితలానికి ఉన్న మెరుపును పెంచలేదు. ఎదురుగా దూరంగా నిలబడి చూసేవారికి అద్దం మొత్తం ఆ చిప్ మెరుపుతో నిండినట్టు కనబడుతుంది, అంతే. కాబట్టి టార్చి తీవ్రత అంటే చిప్ మెరుపును అద్దపు ముఖ వైశాల్యంతో గుణించగా వచ్చేదే. చిప్ మెరుపు చదరపు మిల్లీమీటరుకు 200 క్యాండెలాలనీ, అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లనీ అనుకుంటే, నష్టాలు పోను దాదాపు మూడు లక్షల క్యాండెలాలు, అంటే 1100 మీటర్లు వస్తాయి. అద్దం వ్యాసం రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, దూరం సరిగ్గా రెట్టింపవుతుంది. దూరం విసిరే టార్చిల తలలు అంత వెడల్పుగా ఉండటానికి కారణం ఇదే.

డేవిడ్ మిసెల్ 1899లో పేటెంటు పొందిన టార్చి నుంచి మన ఇళ్లలో మూడు సెల్లులతో వెలిగిన బ్యాటరీ లైట్ల దాకా వాడిన తీగ బల్బులు ఈ మెరుపు విషయంలో ఎంతో వెనకబడి ఉండేవి. తెల్లని ఎల్ఈడీకి దారి తీసిన నీలి ఎల్ఈడీకి గాను అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటీవలి కొన్ని టార్చిల్లో నీలి లేజర్‌ను ఫాస్ఫర్ (నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మార్చే పదార్థం) పూత మీద చిన్న చుక్కగా పడేసి, ఆ చుక్క నుంచి తెల్లని కాంతిని పుట్టిస్తున్నారు. చుక్క ఎంత చిన్నదైతే పుంజం అంత ఇరుకు.

ఇక గాలి. ఇప్పటిదాకా వేసిన లెక్కలో గాలి లేదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున కృష్ణ మీద పొగమంచు పట్టినప్పుడు ఈ అంకెలు నిలవవు. వాతావరణ శాస్త్రజ్ఞులు దృశ్యమానత ఒక కిలోమీటరు అన్నారంటే, ఆ దూరం ప్రయాణించేసరికి కిరణపుంజంలో 5 శాతమే మిగులుతుందని అర్థం. కిలోమీటరు విసిరే టార్చి ఆ గాలిలో వెన్నెలంత వెలుతురును 485 మీటర్ల దాకా మాత్రమే చేర్చగలదు. పైగా దారిలో మంచు బిందువుల మీద చెదిరిన కాంతి వెనక్కి వచ్చి మన కళ్ల ముందు తెల్లని తెరలా నిలుస్తుంది. టార్చిని కంటి పక్కన కాకుండా నడుము దగ్గర పట్టుకుంటే ఆ తెర కొంత పల్చబడుతుంది. పసుపు కాంతి మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. మంచు బిందువులు కాంతి తరంగాల కన్నా ఎంతో పెద్దవి కావడం వల్ల అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి.

గాలి తేటగా ఉన్నా కంటికి ఒక హద్దు ఉంది. బ్యారేజీ అవతలి చివర నిలబడిన మనిషి మన కంటి వద్ద చేసే కోణం డిగ్రీలో పన్నెండో వంతు కూడా ఉండదు. పట్టపగలైతే అంత చిన్న ఆకారాన్ని గుర్తుపట్టవచ్చు గానీ, మసక వెలుతురులో కంటి సూక్ష్మదృష్టి ఎంతో తగ్గిపోతుంది. ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది, అది మనిషో స్తంభమో తేలదు. అవసరాన్ని బట్టి చూస్తే, రాత్రివేళ మోటారు వేయడానికి పొలం వెళ్లే గుంటూరు రైతుకు ఈ ఇరుకు పుంజం కన్నా కాళ్ల ముందు వెడల్పుగా పరుచుకునే వెలుతురే మేలు. గట్టు పక్కన పాము ఉంటే కనబడవలసినది రెండు మూడు గజాల దూరంలోనే.

వెలుగు విసిరేవారికి ఉన్న ఈ హద్దులు ఆ వెలుగును ఎదురుగా చూసేవారికి లేవు. కాంతి వారి దగ్గరికి పోయి తిరిగి రానక్కర లేదు, పోతే చాలు. కిలోమీటరు టార్చిని మంగళగిరి కొండ మీద నుంచి విజయవాడ వైపు గురిపెడితే, దృశ్యమానత 20 కిలోమీటర్లున్న రాత్రి, ఆ పుంజం నేరుగా తగిలే చోట సుమారు 10 కిలోమీటర్ల అవతల నిలబడినవారికి అది శుక్రగ్రహం కన్నా ప్రకాశవంతంగా కనబడుతుంది. అందుకే గన్నవరంలో దిగే విమానాల వైపు గానీ, వచ్చే రైలు వైపు గానీ ఇలాంటి టార్చిని ఎన్నడూ తిప్పకూడదు. మనకు విమానపు ఆకారం సైతం తెలియని దూరంలోనే పైలట్ కళ్లకు ఇబ్బంది కలగవచ్చు. 2012 మార్చిలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో ఖగోళ సంఘం సభ్యులు ఒక వాట్ నీలి లేజర్‌నూ సెర్చ్‌లైట్లనూ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వైపు గురిపెట్టినప్పుడు, నేల నుంచి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వ్యోమగామి డాన్ పెటిట్ ఆ వెలుగును చూసి ఫొటో తీశారు.