కార్డు చెల్లినా రసీదు ఎందుకు అడుగుతున్నారు?

అమెరికాలో ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం జీతంలోంచి సొమ్ము పక్కన పెట్టే ఖాతా) కార్డుతో పంటి వైద్యానికి డబ్బు కట్టిన ఉద్యోగులకు కొన్ని వారాల తరువాత రసీదు పంపమని లేఖ రావడం, పంపకపోతే కార్డును నిలిపివేయడం మళ్లీ వివాదమైంది. అక్కడి మన ఐటీ కుటుంబాలకూ ఇది తెలిసిన తలనొప్పే. మా జీతంలోంచి పన్నుకు ముందే మినహాయించుకున్న సొమ్ముకు మళ్లీ ఈ కాగితాలేమిటన్నది వారి ప్రశ్న.

చిక్కుముడి పడింది 2003లో. కార్డులకు అనుమతి ఇస్తూనే, ప్రతి ఖర్చూ అర్హమైన వైద్య ఖర్చేనని నిర్ధారించి తీరాలని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆనాడే షరతు పెట్టింది. కార్డులను ప్రచారం చేసినవారు సౌకర్యం గురించి చెప్పినంతగా ఈ షరతు గురించి చెప్పలేదు. కాగితం అక్కరలేని సందర్భాలను ఐఆర్‌ఎస్ 2006 నోటీసు విస్తరించింది. వైద్యుడి దగ్గర కట్టిన మొత్తం బీమా పథకంలోని కోపేకు (ప్రతిసారీ రోగి కట్టవలసిన నిర్ణీత మొత్తానికి) గానీ, అయిదు రెట్ల వరకు దాని గుణిజానికి గానీ సరిపోతే చాలు: కోపే 25 డాలర్లయితే 75 డాలర్ల చెల్లింపు దానంతటదే ఆమోదం పొందుతుంది, 68 డాలర్లది ఆగుతుంది. దుకాణంలోనైతే బిల్లింగ్ యంత్రమే బార్‌కోడ్‌లను అర్హమైన సరుకుల జాబితాతో పోల్చి, బ్యాండేజీల ధరను కార్డు నుంచి తీసుకుని, అదే బుట్టలోని టూత్‌పేస్టుకు వేరే డబ్బు అడుగుతుంది.

పంటి వైద్యశాలలో అలాంటి జాబితా లేదు. అక్కడ రోగి వాటా సాధారణంగా బిల్లులో ఇంత శాతమని ఉంటుంది కనుక అది కోపే లెక్కలో ఇమడదు. పైగా కట్టింది పిప్పిపంటికా, అర్హత లేని పళ్ల తెల్లదనపు చికిత్సకా అన్నది కార్డుకు తెలియదు.

చిన్న మొత్తాలను వదిలేసి, కొన్నింటినే నమూనాగా పరిశీలిస్తే చాలదా అని ఈ ఖాతాలను నడిపే సంస్థలు అంటాయి. చాలదని, నిర్ధారించని చెల్లింపు పన్ను పడే ఆదాయమవుతుందని 2023లో ఐఆర్‌ఎస్ న్యాయవిభాగం తేల్చిచెప్పింది. ఆ తరువాత లేఖలు తగ్గుతాయని ఆశించడానికి ఆధారం లేదు.

వైద్య ఖర్చులకే ఉన్న మరో రకం పొదుపు ఖాతా హెచ్‌ఎస్‌ఏ కార్డుదారులకు ఈ లేఖలు రావు. అయితే ఐఆర్‌ఎస్ అడిగిన నాడు రసీదు చూపవలసింది ఖాతాదారుడే; ఖర్చుకు అర్హత లేదని తేలితే పన్నుతోపాటు, 65 ఏళ్లు నిండనివారు సాధారణంగా మరో 20 శాతం కట్టాలి.