పట్టుపురుగును ఎండకు అలవాటు చేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

మార్చి దాటితే మడకశిర, హిందూపురం వైపు నుంచి నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న: ‘సార్, చాకీలో కాస్త వేడి తగలనిస్తే పురుగు గట్టిపడుతుందంట కదా?’ చాకీ అంటే పురుగు పసితనం, మొదటి రెండు దశలు.

అపోహ: చిన్నప్పుడు వేడి చూసిన పురుగు పెద్దయ్యాక ఎండకు తట్టుకుంటుంది.

వాస్తవం: ఇందులో గింజంత నిజముంది, అందుకే వదలడం లేదు. వేడి తగలగానే పురుగు కణాల్లో హెచ్‌ఎస్‌పీ 70 లాంటి హీట్ షాక్ ప్రోటీన్లు పెరుగుతాయి. ఆకారం చెడి ముద్దకట్టబోయే ప్రోటీన్లను పట్టుకుని సరిచేస్తాయి. మోస్తరు వేడి చూసిన పురుగు ఆ వెంటనే వచ్చే ఎక్కువ వేడిని కొంత ఓర్చుకుంటుంది. కానీ ఆ రక్షణ కొద్దిసేపే. రెండో జ్వరంలో (పురుగు పొర విడిచే సమయంలో) తగిలిన వేడి, గూడు కట్టే ముందుండే అయిదో దశలో ఆదుకోదు. పైగా ఇది ఖర్చుతో కూడిన పని: శక్తి అటు పోతుంది, మామూలు ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. పట్టు కూడా ప్రోటీనే కదా! పురుగు బతికినా గూడు పలచబడుతుంది.

అసలు లెక్కే తిరగబడింది: పురుగు పెరిగేకొద్దీ చల్లదనం కావాలి. చాకీకి 26-28 డిగ్రీలు సరిపోతాయి; అయిదో దశకు 23-25 ఉండాలి. మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా తినేది ఆ దశలోనే.

మొన్న ఏప్రిల్‌లో ఒక మహిళా రైతు రేకుల షెడ్డుకు వెళ్లాను. థర్మామీటరు 36 దగ్గరుంది. పురుగులు తలలెత్తి కదలకుండా ఉన్నాయి, వేసిన ఆకు వేసినట్టే వాడి చుట్టుకుపోయింది. ‘తట్టుకుంటాయిలే అన్నారు సార్’ అందామె. అప్పు కంతు టెన్షన్‌తో పాపం అన్నం కూడా తినలేదు. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిపించి, కిటికీలకు తడి గోనె పట్టలు కట్టించి, పురుగుల పడకలు పలచన చేయించాం. గాలి ఆడేలా చూడాలి. తేమ మరీ పెరిగితే అదో గండం. ఆకు తెల్లవారుజామున, రాత్రి ఎక్కువగా వేయమన్నాను. పంట పూర్తిగా దక్కలేదు గానీ, పెట్టుబడి వచ్చింది.

అపోహ: ఈ ప్రోటీన్లు ఎండకే పనిచేస్తాయి. కాదు. చలికి, రోగానికి, పురుగుమందు దెబ్బకూ పెరుగుతాయి.

అపోహ: ‘హీట్ ప్రోటీన్’ పొడి ఆకు మీద చల్లితే చాలు. ఎవడు పుట్టిస్తాడో ఈ మాటలు! ప్రోటీన్ తినిపిస్తే పేగులో అరిగిపోతుంది, కణాల్లోకి అలాగే చేరదు.

అపోహ: అన్ని రకాలూ ఒకటే. కాదు. మైసూరు జాతి కలిసిన సంకరం, ఏడాదికి రెండు తరాలిచ్చే బైవోల్టిన్ రకం కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది. షెడ్డు చల్లగా ఉంచలేని వాళ్లు ఏప్రిల్, మే పంటకు గుడ్లకు ఆర్డరు చెప్పేటప్పుడే ఈ మాట అడగండి.