ఆక్సిజన్ పెంచితే నిమ్మళంగా పడుకున్నాడా? ఎండాకాలంలో సీఓపీడీ ఇళ్లలో అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సీఓపీడీ అనే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి నర్సులకు ఇలాంటి వాట్సాప్ మెసేజీలు ఎక్కువవుతాయి: "సిస్టర్, అయ్యకి 91 సూపించింది. ఆక్సిజన్ మెషీన్ రెండు లీటర్ల మీద ఉంటే నాలుగుకి పెట్టినాం. 97 వచ్చింది. ఇప్పుడు నిమ్మళంగా పడుకున్నాడు." కింద ఆక్సీమీటర్ ఫొటో, దండం బొమ్మ. పంపినవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. చదివినవాళ్లు వెంటనే ఫోన్ అందుకుంటారు.

అపోహ: ఆక్సిజన్ 95 దాటాలి. 98 ఉంటే ఇంకా మంచిది.

వాస్తవం: అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల అంకె. కోవిడ్ రోజుల్లో అందరి బుర్రల్లోకీ ఎక్కి, ఇంకా దిగలేదు. ఏళ్లుగా సీఓపీడీ ముదిరి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగికి ఆక్సిజన్ పెట్టేటప్పుడు డాక్టర్లు చూసేది 88 నుంచి 92. అలాంటి మనిషికి 91 ఉందంటే ఉండాల్సిన చోటే ఉంది. దాన్ని 97కి లాగడమే తప్పు.

ఎందుకంటే, దెబ్బతిన్న ఊపిరితిత్తిలో గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం వృథాగా పోకుండా అక్కడి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కువైతే ఆ బిగువు వదిలిపోతుంది. రక్తం పోయి గాలాడని చోటికే చేరుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి వెళ్లే దారి తగ్గుతుంది. కొందరిలో ఊపిరి వేగం కూడా మందగిస్తుంది. ఆక్సీమీటర్‌కి ఇదేమీ తెలియదు, రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండిందో ఒక్కటే చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ సంగతి తేలాలంటే ఆసుపత్రిలో ధమని రక్తం తీసి ఏబీజీ అనే పరీక్ష చేయాలి. అందుకే వేలి మీద 97 కనిపిస్తూనే మనిషి మత్తులోకి జారిపోగలడు.

ఎండాకాలంలో అసలు చిక్కు ఇక్కడే. కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే లేవగానే తలనొప్పి, పగలంతా మగత, చెమట, ఒళ్లు వెచ్చబడడం, మాట తడబడడం, చేతులు చాపితే మణికట్ల దగ్గర అదరడం కనిపిస్తాయి. మే నెలలో ఇవి చూసి ఎవరైనా "వడ కొట్టింది" అనే అంటారు. మజ్జిగ పట్టి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి, పాపం నిద్ర చెడగొట్టకూడదని తలుపు దగ్గరగా వేస్తారు.

తలుపు వేయకండి. తట్టి లేపండి. పొద్దున ఏం తిన్నారో, ఎదురుగా ఉన్నది ఎవరో అడగండి. మామూలు కునుకైతే విసుక్కుంటూనైనా సరైన జవాబు చెబుతారు. రెండు మాటలకే రెప్పలు వాలిపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా 108కి ఫోన్ చేయండి. అది వడదెబ్బే అయినా ఆసుపత్రికి పోవాల్సిందే. మగతలో ఉన్నవాళ్ల నోట్లో మజ్జిగ, నీళ్లు పోయకండి.

భయపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయడం ఇంకో పొరపాటు. అలా తీస్తే మొదట ఉన్నదానికన్నా కిందికి పడిపోవచ్చు. చీటీలో రాసిన లీటర్లకు తగ్గించి, కూర్చోబెట్టి, 88-92 మధ్య ఉందో లేదో చూస్తూ ఉండండి. అంబులెన్సు రాగానే "సీఓపీడీ, ఇంట్లో రెండు లీటర్లు" అని ముందే చెప్పండి. మెషీన్ నాబ్ పక్కన తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి లీటర్లు రాసిపెడితే, చూడ్డానికొచ్చిన చుట్టాలు తిప్పకుండా ఉంటారు. చాలా ఇళ్లలో తిప్పేది వాళ్లే.

అంకె బాగున్నా ఉక్కకు ఆయాసం వస్తుంది, అది అబద్ధం కాదు. ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి, ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదాలి. ముఖానికి విసనకర్రతో విసిరితే ఆయాసం తగ్గినట్టుంటుంది. ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే ఫోన్ చేయండి, నాబ్ జోలికి మాత్రం పోకండి.

అపోహ: ఫొటో పంపితే చాలు, మిగతాది సిస్టర్ చూసుకుంటుంది.

వాస్తవం: ఉత్త 89 అంటే ఏమీ తెలియదు. ఆక్సిజన్ మీదా, మామూలు గాలి మీదా? బాత్రూమ్ నుంచి వచ్చిన వెంటనేనా? పది నిమిషాలు కూర్చున్నాక, నీడలో, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టండి. మొదట మెరిసే అంకె కాదు, నిమిషం ఆగి నిలకడైన అంకె రాయండి. వేలు చల్లగా ఉన్నా, చెయ్యి వణికినా, ఎండ నేరుగా పడినా, బ్యాటరీ తగ్గినా లెక్క తప్పుతుంది. దాని పక్కన నాడి, ఎన్ని లీటర్లు, కఫం రంగు, నిమిషానికి ఎన్ని ఊపిరులు రాయండి. ఊపిరి లెక్కపెడుతున్నట్టు రోగికి చెప్పకండి, చెబితే మారిపోతుంది. నిమిషం నిండా లెక్కపెట్టండి.

బాగున్న రోజుల్లో రెండు వారాలు రాస్తే ఎవరి మామూలు అంకె వాళ్లకు తెలుస్తుంది. అంతకన్నా 3 తగ్గి, మళ్లీ చూసినా అలాగే ఉంటే అదే రోజు ఫోన్ చేయండి. రాసిచ్చిన లీటర్ల మీద కూడా 88 కిందే నిలిస్తే రేపటిదాకా ఆగకండి. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, నీలం తిరిగిన పెదాలు ఉంటే మీటర్ వెతుక్కోకండి, 108 పిలవండి.

"మన దగ్గర 40 దాటదు కదా" అనేది ఇంకో ధీమా. తీరంలో 37 డిగ్రీలు తాకి, మామూలు కన్నా 4.5 ఎక్కువైతే చాలు, వాతావరణ శాఖ వడగాలి లెక్కలోకి తీసుకుంటుంది. సముద్రపు తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తలుపులు బిగించి కూలర్ వేస్తే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది, కిటికీ తీసి ఉంచాలి.

నీళ్ల విషయంలో అందరికీ ఒకే సలహా పనికిరాదు. నీళ్లు తగ్గితే కఫం చిక్కబడుతుంది, నిజమే. కానీ ఉద్దానంలో కిడ్నీ జబ్బున్నవాళ్లూ, కాళ్ల వాపుతో నీటి మాత్రలు వేసుకునేవాళ్లూ రోజుకి ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి. ఎండలని ఆ మాత్రలు సొంతంగా మానకూడదు. పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు, కబురు చేయండి.

ఇన్‌హేలర్ బండి డిక్కీలో వద్దు, ఎండకి డబ్బాలో ఒత్తిడి పెరుగుతుంది. పొడి మందుండే రోటాక్యాప్ గొట్టాలు ముందే విప్పి పెట్టుకుంటే తేమకి మెత్తబడి పొడి సరిగా రాదు.

కాన్సన్‌ట్రేటర్, అంటే గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషీన్, గోడకి ఆనకుండా అడుగు దూరంలో ఉండాలి, ఫిల్టర్ వారానికోసారి కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కట్టెల పొయ్యి ఉన్న గదిలో అసలు పెట్టకూడదు. ముక్కుకి వాజలిన్, నూనె రాయకూడదు. చుట్టైనా అడ్డపొగైనా (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) ఆ దరిదాపుల్లో వెలిగించకూడదు, ఆక్సిజన్ తగిలితే చిన్న నిప్పురవ్వ కూడా భగ్గుమంటుంది. కరెంటు పోయే రోజులకి బీ టైపు సిలిండర్ ఒకటి ఉంచుకోండి. నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు, నిమిషానికి రెండు లీటర్ల మీద సుమారు పన్నెండు గంటలు, నాలుగు మీద ఆరు వస్తుంది. గేజ్ వారానికోసారి చూడండి, స్పానర్‌ని సిలిండర్ మెడకే తాడుతో కట్టేయండి.